ఖాళీ హ్యాంగర్ల లెక్క

గత వేసవిలో మేము ఇల్లు మారాము. సామాను సర్దడానికి వచ్చిన కుర్రవాళ్ళు ఒక్కొక్క అట్టపెట్టెకూ టేపు అంటించి, దాని మీద ‘వంటిల్లు’, ‘పుస్తకాలు’, ‘దేవుడి గది’ అని స్కెచ్‌పెన్నుతో రాసుకుంటూ వచ్చి, ఒక పెద్ద పెట్టె దగ్గర ఆగిపోయారు. ‘‘దీని మీద ఏం రాయమంటారు సార్?’’ అని అడిగాడు వాళ్ళలో పెద్దవాడు. తొంగి చూస్తే పెట్టె నిండా ఖాళీ హ్యాంగర్లే ఉన్నాయి. ఒకదాన్ని పట్టుకుని పైకి లాగితే, పల్లేరుకాయల్లా ఒకదాన్నొకటి కరుచుకుని ఏడెనిమిది వచ్చాయి. కాకినాడ నుంచి వచ్చి మా దగ్గరే ఉంటున్న మా అమ్మ అది చూసి, ‘‘ఉన్నది ముగ్గురం కదరా, ఇన్ని ఖాళీ కొయ్యలు మనకెందుకు?’’ అంది.

అమ్మ ప్రశ్నకు ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. హైదరాబాదులోనే మరో పేటలో ఉన్న కొత్త ఇంటికి చేరాక, మిగతా పెట్టెలన్నీ విప్పి సర్దడం అయిపోయిన తరువాతి ఆదివారం, ఆ పెట్టెను హాల్లో బోర్లించి, చిక్కు విడదీసి, రకాలవారీగా కుప్పలు పెట్టి లెక్కపెట్టాను. ఇనుప తీగవి 38, చిన్నపిల్లల బట్టలవి 14, ప్లాస్టిక్‌వి 66, మఖమల్ లాంటి నూగు అతికించిన పలచటివి 16, చెక్కవి 9, వెరసి 143 ఉన్నాయి. ప్లాస్టిక్ వాటిలో పదకొండింటికి కొక్కెమో భుజమో విరిగిపోయి ఉంది. ఇక హ్యాంగర్ మీద వేలాడదీయవలసిన బట్టలు ఇంట్లో ఎన్ని ఉన్నాయని చూస్తే, ఎంత ఉదారంగా లెక్కవేసినా యాభై దాటలేదు.

ఈ 143 లో మేము డబ్బు పెట్టి కొన్నవి ఎన్ని అని ఆలోచిస్తే, చెక్కవీ, నూగువీ, రెండు డజన్ల ప్లాస్టిక్‌వీ తప్ప మరేవీ గుర్తుకు రాలేదు. మిగిలినవన్నీ వాటంతట అవే వచ్చాయి. రెడీమేడ్ చొక్కా కొంటే దానితో ఒకటి వచ్చింది, అమ్మాయికి చిన్నప్పుడు గౌను కొన్న ప్రతిసారీ గుండెల మీద క్లిప్పులున్న బుల్లి హ్యాంగర్ ఒకటి వచ్చింది, డ్రైక్లీనింగుకు ఇచ్చిన ప్రతి ప్యాంటూ తీగ హ్యాంగర్ మీద ప్లాస్టిక్ కవరు తొడుక్కుని తిరిగి వచ్చింది. బట్ట పాతబడి, తుడుపుగుడ్డగా మారి, చివరికి చెత్తలోకి వెళ్ళిపోయినా దాని హ్యాంగర్ మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. నాది బదిలీల ఉద్యోగం కావడంతో రాజమండ్రి, కరీంనగర్, విశాఖపట్నం, హైదరాబాదు అని ఊళ్ళు మారిన కొద్దీ ఈ కుప్ప మాతోపాటు లారీలెక్కి తిరిగింది. పనికొచ్చేటట్లు కనిపించే వస్తువును పారేయడానికి మా ఇళ్ళలో ఎవరికీ చెయ్యి రాదు. హ్యాంగర్ విషయంలో ఆ మొహమాటం ఇంకా ఎక్కువ, ఎందుకంటే అది చూడటానికి ఎప్పుడూ కొత్తగానే ఉంటుంది.

అమ్మ వాటిని కొయ్యలనడానికి కారణం ఉంది. కాకినాడలో మా తాతగారి ఇంట్లో హ్యాంగర్లు ఉండేవి కావు. గోడలో దిగ్గొట్టిన చిలక్కొయ్యలు ఉండేవి. తాతగారి లాల్చీ ఒకదానికి, కండువా ఒకదానికి, గొడుగు మరొకదానికి వేలాడేవి. తడిబట్టలైనా పొడిబట్టలైనా దండెం మీదికి వెళ్ళేవి, మంచి బట్టలు మడతపెట్టి భోషాణంలోకి వెళ్ళేవి. మెడపట్టీ దగ్గర చిలక్కొయ్యకు తగిలించిన చొక్కాకు వీపు మీద ముక్కులాగా ఒక బుడిపె లేచేది. అది వేసుకుని బడికి వెళితే వెనకబెంచీవాళ్ళు దాన్ని వేలితో నొక్కి చూసేవారు. హ్యాంగర్ తీర్చిన అసలు ఇబ్బంది ఆ బుడిపెదే. చొక్కా బరువును ఒక్క బిందువు మీద కాకుండా రెండు భుజాల వెంబడి పంచడమే దాని పని. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో జాక్సన్ అనే పట్టణం ఉంది. అక్కడి తీగసామాన్ల కర్మాగారంలో 1903లో పనివాళ్ళకు కోట్లు తగిలించుకోవడానికి గోడకొక్కేలు చాలకపోతే, పార్క్‌హౌస్ అనే ఉద్యోగి చేతికందిన తీగను వంచి హ్యాంగర్ చేశాడనే కథ బాగా ప్రచారంలో ఉంది. కొక్కేలు చాలక పుట్టిన వస్తువు మా ఇంట్లో కొక్కెం చాలనంతగా పెరిగిపోయిందన్నమాట.

ఇన్నాళ్ళూ వీటిని ఎక్కడ పెట్టాము అంటే, ఒక పద్ధతంటూ లేదు. రాజమండ్రిలో మంచం కింద ఒక గోనెసంచిలో ఉండేవి. కరీంనగర్‌లో అటక మీదికి చేరాయి. అటక ఎక్కించిన వస్తువు మళ్ళీ దిగదు కాబట్టి, అవసరమైనప్పుడల్లా బజారులో కొత్తవి కొనేవాళ్ళం. విశాఖపట్నంలో బట్టల అలమరలోనే, బట్టల మధ్యలోనే, ఖాళీవి కూడా కమ్మీకి వేలాడేవి. ఈ మూడు పద్ధతుల్లో ఏది అన్నింటికన్నా చెడ్డదని నన్ను అడిగితే, చూడటానికి ఎంతో సవ్యంగా కనిపించే మూడోదే అంటాను. బట్టల మధ్య ఖాళీ హ్యాంగర్ ఉంటే, దానికి బరువు లేదు కాబట్టి, పక్క చొక్కాను తీసిన ప్రతిసారీ అది ఊగుతుంది, పక్కకు తిరుగుతుంది, దాని భుజం పక్క చొక్కా మెడలోకి దూరుతుంది. ఉదయం ఆఫీసుకు బయలుదేరే హడావిడిలో ఒక చొక్కా తీయబోతే రెండు ఖాళీ హ్యాంగర్లు కింద పడటం, వాటిని వంగి తీసి మళ్ళీ ఎక్కడో ఒకచోట ఇరికించడం మా ఇంట్లో ఏళ్ళ తరబడి సాగింది. పైగా కమ్మీ నిండుగా కనిపిస్తుంది కనుక అలమరలో చోటు లేదనే భ్రమ కలుగుతుంది. చోటు లేక కాదు, ఆ చోటంతా ఖాళీ హ్యాంగర్లు ఆక్రమించుకున్నాయి.

సంచిలో వేసినప్పుడు అవి ఎందుకు అంతగా చిక్కుపడతాయో కూడా ఆ ఆదివారం చేతులు గీసుకుంటూ విడదీస్తున్నప్పుడే అర్థమైంది. హ్యాంగర్‌కు రెండే భాగాలు: నోరు తెరిచిన ఒక కొక్కెం, మూసుకుని ఉన్న ఒక ముక్కోణం. కుప్పగా పోసినప్పుడు ఒకదాని కొక్కెం మరొకదాని ముక్కోణంలోకి సులువుగా దూరుతుంది, బయటికి రావాలంటే మాత్రం దూరిన కోణంలోనే వెనక్కి తిరగాలి. కొక్కెం దేనికో ఒకదానికి తగిలించి ఉంటే ఈ బెడద లేదు, ఎందుకంటే అప్పుడు దాని నోటికి పని దొరికినట్టే. కాబట్టి ఖాళీ హ్యాంగర్లను సంచిలో, సొరుగులో, బుట్టలో వేయడం అనేది వాటి తత్త్వానికే విరుద్ధం. వాటిని కూడా వేలాడదీయాలి, లేదా కొక్కేలన్నీ ఒకే వైపుకు ఉండేలా నిలబెట్టి పేర్చాలి. పేర్చడానికి ఒక షరతు ఉంది: అన్నీ ఒకే అచ్చువి అయి ఉండాలి. ఒకే అచ్చు ప్లాస్టిక్ హ్యాంగర్లు పన్నెండు పక్కపక్కన పెడితే నాకు ఐదంగుళాలు పట్టింది. నాలుగు రకాలు కలిపి పన్నెండు పెడితే అడుగు దాటింది. భుజాల వంపులు కలవనప్పుడు ఒకదానిలో ఒకటి ఒదగవు.

తరువాత అలమర కమ్మీని టేపుతో కొలిచాను. పక్కచెక్కల మధ్య 34 అంగుళాలు ఉంది. అలాంటివి రెండు ఉన్నాయి, ఒకటి నాది, ఒకటి మా ఆవిడది. చెయ్యి దూరి బట్టను తీసుకోవడానికి నాలుగంగుళాలు వదిలేస్తే ముప్పై మిగులుతుంది. పలచటి హ్యాంగర్ మీద ఇస్త్రీ చేసిన చొక్కా ఒకటికి సుమారు అంగుళం పడుతుంది కాబట్టి నా వైపు ముప్పై, కుర్తీలకూ నూలు చీరలకూ అంగుళంన్నర చొప్పున ఆమె వైపు ఇరవై పడతాయి. అంటే కమ్మీ మీద నివాసముండే హక్కు యాభై హ్యాంగర్లకు మాత్రమే ఉంది. ఈ యాభై అనేది మా ఇష్టాయిష్టాలతో వచ్చిన అంకె కాదు, అలమర చేసిన వడ్రంగి నిర్ణయించిన అంకె. దీన్ని పట్టుకుంటే మిగతా నిర్ణయాలన్నీ సులువైపోయాయి. అలమర లోతు కూడా కొలుచుకోవడం మంచిదని ఇక్కడే చెప్పాలి. పెద్దవాళ్ళ హ్యాంగర్లు సాధారణంగా 17 అంగుళాల వెడల్పుంటాయి, వాటి మీద కోటు భుజాలు ఇంకా బయటికి వస్తాయి. అమ్మ గదిలోని పాత ఇనుప బీరువా లోతు 19 అంగుళాలే కావడంతో, నా ఏకైక కోటు అందులో వేలాడదీసినప్పుడల్లా తలుపు దాని మోచేతిని నొక్కేది.

యాభై కమ్మీకి పోగా, అదనపు హ్యాంగర్లు అసలు ఎన్ని కావాలి, అవి ఎక్కడ ఉండాలి అన్నది మిగిలిన ప్రశ్న. దీనికి సమాధానం నాకు అలమర దగ్గర కాక, బట్టలుతికే చోట దొరికింది. ఖాళీ హ్యాంగర్ అవసరం మనకు ఎప్పుడు పడుతుందని నాలుగు రోజులు గమనించాను. చొక్కాను తీసుకున్నప్పుడు హ్యాంగర్ ఖాళీ అవుతుంది, అప్పుడు దానితో పని లేదు. వాషింగ్ మెషీన్‌లోంచి తడిబట్ట బయటికి వచ్చినప్పుడు దానితో పని పడుతుంది. పనిలేని హ్యాంగర్ పడకగదిలో ఉంటుంది, పని బాల్కనీలో ఉంటుంది. ఈ రెండింటి మధ్యా రోజుకు రెండుసార్లు నడవడం తప్పించుకోవడానికే మా ఆవిడ తడిబట్టలన్నిటినీ క్లిప్పులు పెట్టి దండెం మీద ఆరవేసి, ఎండాక గుట్టగా తెచ్చి మంచం మీద పడేసేది. అవి అక్కడే నలిగి మళ్ళీ ఇస్త్రీకి వెళ్ళేవి.

కాబట్టి ఒకటిన్నర అడుగుల పొడవున్న స్టీలు తువ్వాలు కడ్డీ ఒకటి కొని, ఉతికే చోట, పైకప్పు నుంచి తాళ్ళతో పైకీ కిందికీ లాగే దండెం పక్కన, భుజమంత ఎత్తులో గోడకు బిగించాను. అదనపు హ్యాంగర్లన్నిటికీ ఇప్పుడు అదే ఇల్లు. ఉదయం చొక్కా తీసుకున్నవాళ్ళు హ్యాంగర్‌ను కమ్మీ మీద వదలకుండా, విడిచిన బట్టలను బుట్టలో వేయడానికి వెళ్ళేటప్పుడు చేత్తో తీసుకెళ్ళి ఆ కడ్డీకి తగిలించాలి. మెషీన్ ఆగాక తడిచొక్కాను గట్టిగా దులిపి, కడ్డీ మీది హ్యాంగర్‌కు తొడిగి, మెడ గుండీ ఒకటి పెట్టి, దండెం మీద ఆరవేస్తాము. ఆరాక అదే హ్యాంగర్‌తో తిన్నగా అలమరలోకి వెళుతుంది. మధ్యలో మంచం లేదు. నా రోజువారీ చొక్కాల్లో సగానికి ఇప్పుడు ఇస్త్రీ అవసరమే పడటం లేదు, ఎందుకంటే తడి బరువుకు అవే సాగి, ముడతలు చాలావరకు పోతున్నాయి. మా ఇంట్లో వారానికి రెండు విడతలు ఉతుకుతాము, ఒక్కో విడతలో హ్యాంగర్‌కు తగిలించదగిన బట్టలు పన్నెండుకు మించవు. మొదటి విడత పూర్తిగా ఆరకముందే రెండోది వచ్చే వానాకాలాన్ని కూడా దృష్టిలో పెట్టుకుంటే ఇరవై నాలుగు సరిపోతాయి. ఆ కడ్డీ మీద ఒకే అచ్చు ప్లాస్టిక్ హ్యాంగర్లు ఇరవై నాలుగు ఒద్దికగా పట్టాయి.

ఈ ఏర్పాటులో కొన్ని సంగతులు చేసి చూస్తేనే తెలిశాయి. కొక్కేలన్నీ గోడవైపే తిరిగి ఉండాలి. అప్పుడు ఒక చేత్తో ఐదారు హ్యాంగర్లను కలిపి ఎత్తి తీసుకోవచ్చు, ఒకటి అటూ ఒకటి ఇటూ ఉంటే ఒక్కటి కూడా సరిగా రాదు. దండెం మీద ఆరవేసేటప్పుడు రెండు హ్యాంగర్ల మధ్య బెత్తెడు ఎడం ఉండాలి, లేకపోతే వానాకాలంలో చంకల దగ్గర ముక్కవాసన వస్తుంది. గాలికి హ్యాంగర్లన్నీ జరిగి ఒక మూలకు చేరకుండా దండెం కడ్డీకి అక్కడక్కడ రబ్బరు బ్యాండ్లు చుట్టాను. గాలి మరీ ఎక్కువైన రోజున కొక్కెం మీద ఒక క్లిప్పు పెడితే చొక్కా కింది అంతస్తువాళ్ళ బాల్కనీలోకి వెళ్ళదు. టీషర్టులను మాత్రం తడిగా ఉన్నప్పుడు హ్యాంగర్‌కు తొడగకూడదు. అల్లిక బట్ట తడిబరువుకు సాగి, భుజాల దగ్గర కొమ్ములు మొలిచినట్టు అవుతుంది. వాటికి పాత దండెమే మంచిది. నూగు హ్యాంగర్లు కూడా తడిబట్టలకు పనికిరావు. మా ఇంట్లో ఒక ముదురు ఎరుపు నూగు హ్యాంగర్ తన రంగును తెల్ల కుర్తీ భుజాలకు ధారపోసిన రోజున ఆ విషయం తేలింది. ప్లాస్టిక్ హ్యాంగర్లను డాబా మీద ఎండలో వదిలేయడమూ తప్పే. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు ప్లాస్టిక్ పెళుసెక్కి, ఒకరోజు చొక్కా తొడుగుతుండగా కొక్కెం చేతిలోకి వస్తుంది. విరిగిన పదకొండింటిలో ఎక్కువ భాగం విశాఖపట్నం డాబా మీద ఎండినవే.

విశాఖపట్నం ప్రస్తావన వచ్చింది కాబట్టి తీగ హ్యాంగర్ల మాట చెప్పాలి. సముద్రం గాలి తగిలే ఊళ్ళలో వీటిని బట్టల దగ్గరికి రానివ్వకూడదని నా స్థిరాభిప్రాయం. వాటికి పైన పలచటి రంగుపూత ఉంటుంది. తీగ రెండు కొసలూ మెలిపెట్టిన మెడ దగ్గర, కొక్కెం కమ్మీకి రాసుకునే చోట, మొదట ఆ పూత లేచిపోతుంది. ఉప్పుగాలికి అక్కడ తుప్పు మొదలవుతుంది, తడి చొక్కా మెడపట్టీకి ఆ తుప్పు అంటుకుంటుంది. అక్కడ ఉన్న మూడేళ్ళలో నా తెల్ల చొక్కాలు నాలుగింటికి మెడ వెనుక గోధుమరంగు చుక్కలు పడ్డాయి. తెలియక మొదటిదానికి బ్లీచింగ్ పెడితే మరక పోకపోగా ఇంకా ముదిరింది, ఎందుకంటే బ్లీచింగ్ ఇనుమును మరింత తుప్పు పట్టిస్తుందే తప్ప కరిగించదు. రెండోదానికి అమ్మ చెప్పినట్టు నిమ్మకాయ పిండి, ఉప్పు రుద్ది, ఎండలో గంటసేపు పెట్టి ఉతికితే మరక చాలావరకు పోయింది. నిమ్మరసంలోని పులుపు తుప్పును కరిగించి నీళ్ళతో బయటికి తీసుకుపోతుంది. హైదరాబాదు పొడిగాలిలో ఈ బాధ తక్కువే కాని, పడిన దెబ్బ గుర్తుండటం వల్ల తీగవి 38 నీ బయటికి పంపాలని ఆ రోజే నిశ్చయించుకున్నాను.

ఇక చీరలు. ఇది నాకు తెలిసిన విషయం కాదు. మా ఆవిడా, అమ్మా వాదించుకుంటుండగా పక్కన కూర్చుని నేర్చుకున్న విషయం. అదనపు హ్యాంగర్లు అన్ని మిగిలిపోయి కనిపించేసరికి, మడతల్లో మగ్గుతున్న పట్టుచీరలన్నిటినీ వాటి మీద వేసేద్దామని మా ఆవిడ అంది. కళ్ళెదుట కనిపిస్తే కట్టుకుంటాం, అడుగున ఉంటే మరిచిపోతాం అన్నది ఆమె వాదన, అందులో నిజం లేకపోలేదు. అమ్మ ఒప్పుకోలేదు. నిండుగా జరీ ఉన్న కంచిపట్టు చీర బరువు ముప్పావు కిలో ఉంటుంది. ఆ బరువంతా నెలల తరబడి సన్నని కడ్డీ మీద ఒకే గీత వెంబడి వేలాడితే, ఆ గీత దగ్గర జరీ నలిగి, కొన్నాళ్ళకు పోగులు తెగుతాయని ఆమె చెప్పింది. గద్వాల చీర తీసి చూపించింది. దాని ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు, రెండూ వేరువేరుగా ఉండి నేతలోనే కలుస్తాయి. అటువంటి చీరను వేలాడదీస్తే బరువైన అంచు తేలికైన ఒంటిని కిందికి లాగుతూ ఉంటుంది, ఆ లాగుడు అంతా కలిసిన చోటే పడుతుంది. అలాగని మడతలో వదిలేసినా ముప్పే, మడత కదలని చోట జరీ విరుగుతుంది. పట్టుచీరలను పాత మెత్తని పంచెగుడ్డలో చుట్టి బీరువాలో పరచి, మూడునాలుగు నెలలకొకసారి తీసి, గాలికి ఆరబెట్టి, మడత మార్చి పెట్టడం అమ్మ పద్ధతి. దసరాకు ఒకసారి, సంక్రాంతికి ఒకసారి, ఎండాకాలం మొదట్లో ఒకసారి ఆమె దీన్ని తప్పకుండా చేస్తుంది.

చివరికి ఇద్దరూ ఒక రాజీకి వచ్చారు. మంగళగిరి నూలు చీరలు, నిత్యం కట్టే తేలికపాటి చీరలు, పోచంపల్లి నూలువి హ్యాంగర్ల మీదికి వచ్చాయి, జరీ బరువున్నవన్నీ బీరువాలోనే ఉండిపోయాయి. హ్యాంగర్ మీదికి వచ్చిన వాటికి కూడా అడ్డకడ్డీ చుట్టూ పాత పంచె చింపి రెండు మూడు చుట్లు చుట్టి, దారంతో కుట్టాము. కడ్డీ లావైన కొద్దీ చీర మీద పడే గీత మెత్తబడుతుంది. డ్రైక్లీనింగు దుకాణాలవాళ్ళు ప్యాంటు వేసే తీగకు అట్టగొట్టం తొడిగేది కూడా ఇందుకే. చెక్క హ్యాంగర్లు తొమ్మిదింటిలో ఎనిమిది ఈ చీరలకు పోయాయి. వంటింటి తూకం మీద పెట్టి చూస్తే తీగది నలభై గ్రాములు, ప్లాస్టిక్‌ది యాభై అయిదు, చెక్కది రెండువందల పది తూగింది. చీరను మోయవలసింది తీగ కాదన్న సంగతి చెయ్యి పెడితేనే తెలిసిపోతుంది. తొమ్మిదో చెక్క హ్యాంగర్ మా కోటుది. హ్యాంగర్‌ను ఇంగ్లీషువాళ్ళు కోటు పేరుతోనే పిలుస్తారు కాని, మా ఇంట్లో 143 హ్యాంగర్లకు కోటు ఒక్కటే ఉంది, అది కూడా నా పెళ్ళి రిసెప్షన్ నాడు వేసుకున్నది. ఇప్పుడది నాకు పట్టదు. అయినా భుజాలు వెడల్పుగా, గుండ్రంగా ఉన్న మంచి హ్యాంగర్ దానికే ఇచ్చాము.

యాభై కమ్మీకి, ఇరవై నాలుగు కడ్డీకి పోతే, చుట్టాల కోసం మరో ఆరు విడిగా పెట్టాము. ఇవి హాలు పక్కగది తలుపు వెనుక ఒక కొక్కేనికి ఉంటాయి. సంక్రాంతికో పెళ్ళికో వచ్చినవాళ్ళు ఇస్త్రీ చొక్కాను కుర్చీ వీపుకు తగిలించి, దాని మీదే మళ్ళీ మరొకరు ఆనుకుని కూర్చునే పరిస్థితి ఇకమీదట ఉండదు. మొత్తం ఎనభై. అంటే అరవై మూడు వెళ్ళిపోవాలి.

వెళ్ళగొట్టడం నేను అనుకున్నంత కష్టం కాలేదు. తీగవాటిలో తుప్పు లేనివి ఇరవై తొమ్మిది తేలాయి. వాటిని పదేసి చొప్పున ఒకదానిలో ఒకటి ఒదిగేలా పేర్చి, మెడ దగ్గర ఒక పాత చీర అంచుముక్కతో, అడ్డకడ్డీ దగ్గర మరొకదానితో కట్టి, మా వీధి మొదట్లో ఇస్త్రీ బండి పెట్టుకున్న ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. వద్దంటాడేమోనని సంకోచిస్తూనే అడిగాను. ‘‘ఇంకా ఉంటే తెండి సార్, ప్యాంట్లు మడతపెట్టి ఇస్తే ఆఫీసులవాళ్ళు ఊరుకోవట్లేదు, వీటిని కొనుక్కోవలసి వస్తోంది’’ అన్నాడు. ఆయన బండి వెనుక వాటిని పెట్టుకునే పద్ధతి చూసి నేను కొంచెం సిగ్గుపడ్డాను. చెట్టుకొమ్మ నుంచి వేలాడే ఒక వెదురుబద్దకు ఖాళీ హ్యాంగర్లన్నీ ఒకే వైపు తిరిగి, చెయ్యి చాపితే అందేటట్టు, నేను టేపు పట్టుకుని నెలరోజులు తంటాలుపడి కనిపెట్టిన ఏర్పాటులాగానే ఉన్నాయి.

తుప్పు పట్టిన తొమ్మిదింటిలో ఒకటి అమ్మ తీసుకుంది. దాని ముక్కోణాన్ని కత్తెరతో కాక పటకారుతో తెంపించి, కొక్కేన్ని ఒక పీవీసీ గొట్టం కొసన కట్టించి, పూలు కోసుకోవడానికి దోటి చేయించుకుంది. కింద ఆవరణలోని మందారచెట్టు పైకొమ్మలు ఇప్పుడు ఆమెకు అందుతున్నాయి. తెగిన తీగ కొస సూదిలా ఉంటుంది కాబట్టి దాన్ని లోపలికి వంచి, మీద టేపు చుట్టాను. మిగతా ఎనిమిదీ పాత ఇనుపసామాన్ల బండికి వెళ్ళాయి. చిన్నపిల్లలవి పద్నాలుగూ, గౌన్లు లేకుండా వాటిని ఎవరికి ఇస్తామని ఆలోచిస్తుండగా, పై అంతస్తులో ఏడాది పాప ఉన్నవాళ్ళు వచ్చి సంతోషంగా పట్టుకెళ్ళారు. అమ్మాయి ఇప్పుడు బీటెక్ చదువుతూ హాస్టల్లో ఉంది. ఫోనులో ఈ మాట చెబితే, గులాబీరంగు క్లిప్పులున్నది ఒక్కటి ఉంచమంది. ఉంచలేదని చెప్పడానికి నాకు నోరు రాక, పై అంతస్తుకు వెళ్ళి, అడిగి, దాన్ని తిరిగి తెచ్చాను. కాబట్టి నా లెక్క ఎనభై ఒకటి.

విరిగిన ప్లాస్టిక్‌వి పదకొండే కాస్త ఇబ్బంది పెట్టాయి. దేశంలో 2022 జులై 1 నుంచి నిషేధించిన ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల జాబితాలో స్ట్రాలూ, చెవిపుల్లలూ, బెలూన్ల పుల్లలూ ఉన్నాయి కాని హ్యాంగర్లు లేవు. దుకాణం నుంచి వచ్చి ఒక్కసారి కూడా వాడకుండా విరిగిపోయిన హ్యాంగర్‌ను ఏ లెక్కలో వేయాలో నాకైతే తెలియలేదు. ఇనుప కొక్కెం, ప్లాస్టిక్ ఒళ్ళు కలిసి ఉన్నవాటిని విడదీయకుండా ఇస్తే ఎవరికీ పనికిరావు. అందుకని కొక్కెం తిరిగే రకాల నుంచి దాన్ని లాగి ఇనుపసామాన్లలో వేసి, ప్లాస్టిక్‌ను పొడిచెత్త బుట్టలో వేశాను.

ఇప్పటికి పది నెలలైంది. ఏర్పాటు నిలబడటానికి నేను పెట్టిన షరతు ఒక్కటే: ఉతికే చోటి కడ్డీ మీద ఇరవై అయిదోది పట్టినా, పెట్టకూడదు. కొత్తది ఒకటి ఇంట్లోకి వస్తే, ఉన్నవాటిలో నీరసమైనది ఒకటి ఇస్త్రీ బండికి వెళ్ళాలి. ఉగాది రోజున మరో పని కూడా చేశాను. నా కమ్మీ మీది ముప్పై హ్యాంగర్లనూ కొక్కేలు మనవైపుకు వచ్చేటట్టు తిప్పి పెట్టి, వేసుకుని ఉతికిన చొక్కా తిరిగి వచ్చినప్పుడు మాత్రమే గోడవైపుకు తిప్పసాగాను. దసరా నాటికి తొమ్మిది చొక్కాలు ఇంకా మనవైపే చూస్తున్నాయి. వాటిలో ఆరింటిని ఇచ్చేసే సరికి ఆరు హ్యాంగర్లు మళ్ళీ ఖాళీ అయ్యాయి, మళ్ళీ మూట కట్టవలసి వచ్చింది.

దసరాకు రెండు చొక్కాలు కొన్నాను. బిల్లు కట్టాక కుర్రవాడు వాటిని సంచిలో పెడుతూ, ‘‘హ్యాంగర్లు కూడా వేసేయమంటారా సార్?’’ అని అడిగాడు. వద్దన్నాను. అతను చొక్కాలను హ్యాంగర్ల నుంచి ఊడదీసి, ఆ రెండింటినీ కౌంటరు కింద ఉన్న అట్టపెట్టెలోకి విసిరాడు. వంగి చూశాను. పెట్టె అప్పటికే సగం నిండి ఉంది, విసిరిన రెండింటిలో ఒకదాని కొక్కెం అప్పుడే మరొకదాని భుజంలోకి దూరింది.